మామోగ్రాంలో కనపడని గడ్డ

వదిన స్కానింగ్ గదిలోంచి బయటికి వచ్చింది. స్కానింగ్ కోసం ఒంటికి పూసిన జెల్‌ను పైటచెంగుతో తుడుచుకుంటూ, బెంచీ మీద ఎదురుచూస్తున్న ఆడపడుచు పక్కన కూర్చుంది.

“ఏమన్నారు వదినా?”

“గడ్డ ఉందన్నారు. అల్ట్రాసౌండ్‌లో స్పష్టంగా కనపడిందట.”

“పోయిన నెల మామోగ్రాంలో ఏమీ లేదన్నారుగా?”

“నా రొమ్ములో కణజాలం దట్టంగా ఉందట. అలాంటప్పుడు ఎక్స్‌రేలో అంతా తెల్లగా కనపడుతుందట, గడ్డ కూడా ఆ తెలుపులోనే కలిసిపోతుందట. అల్ట్రాసౌండ్ కూడా చేయించమని డాక్టరుగారు అప్పుడే చెప్పారు.”

“మరి ఎందుకు చేయించుకోలేదు?”

“మీ అన్నయ్యని అడుగు. ఒక పరీక్ష బాగుందన్నాక ఇంకోటి దేనికి, నీదంతా అనుమానం అన్నారు. చేతికి తగులుతోంది మొర్రో అన్నా చెవినబెట్టలేదు.”

“నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా.”

“చెప్పాను. అన్నయ్య ఆలోచించే అని ఉంటాడులే వదినా, అన్నావు.”



“ఇప్పుడేం చేస్తారట?”

“రేపు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారట. క్యాన్సరో కాదో ఆ తర్వాతే చెప్తారట.”

“అన్నయ్యకి ఇప్పుడే ఫోన్ చేసి దులిపేస్తాను.”

“వద్దు. నా కోపం నువ్వు పంచుకుని తేలిక చెయ్యకు. రేపు ఆయన్ని ఈ బెంచీ మీద కూర్చోబెడతాను. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకీ తెలియాలి.”

“మరి నేను?”

“నువ్వు నాతో లోపలికి రా. నాకు భయంగా ఉంది.”