తోక లేని పెళ్లికొడుకు

పురుగుమందు చల్లమని మిమ్మల్ని ఎవరడిగారు బావా?

కాదు, చెప్పండి. చెట్లకి బుడిపెలొచ్చాయని మా ఆఫీసువాళ్లు చూడ్డానికి వస్తున్నారనగానే, చుట్టాలొస్తున్నట్టు నర్సరీ అంతా శుభ్రం చేయించి, ప్రతి చెట్టూ తడిసేలా మందు చల్లించారు. మరదలు అదే ఆఫీసులో పురుగుల్ని పోల్చి చెప్పే పని చేస్తోంది కదా, ఒక్క ఫోన్ చేద్దామని తోచలేదా?

కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇటు రండి.

ఇదిగో, మీ కొమ్మే. ఈ పెద్ద బుడిపెలున్నాయే, ఒక్కోదాన్లో ఒక్కో ఆడపురుగు. పొలుసు పురుగంటాం. చిన్నప్పుడే కొమ్మని కుట్టి, చెట్టు చేతే చుట్టూ ఇల్లు కట్టించుకుని, ఇక గడప దాటదు. ఎప్పట్నుంచో మన దగ్గరుండే సాధు రకమైనా, ఎక్కడినుంచో వచ్చి తోటలకి తోటలు ఎండగొట్టే రకమైనా, ఆడది అచ్చం ఒకేలా ఉంటుంది. కోసి చూస్తే పిండిముద్ద. నేనే కాదు, నాకు చదువు చెప్పినాయన కూడా తేడా చెప్పలేడు.

తేడా అంతా మగవాడిలో ఉంది.

ఈ చిన్న చిన్న బుడిపెలు వాళ్లవి. బయటికొచ్చినవాడు ఆవగింజలో సగం కూడా ఉండడు. రెండు రెక్కలు, వెనకో తోక. నోరుండదు. నిజంగానే ఉండదు బావా. ఈ మాట చెబితే, అలాంటి సంబంధం నాకెందుకు తేలేదే అంది అక్క. తినడు, తాగడు. ఒక్క రోజు బతికి, ఆడదాని బుడిపెకున్న కంతలోకి తోక పెట్టి, పనయ్యాక రాలిపోతాడు. మేం వాళ్లని పెళ్లికొడుకులంటాం. ఆ తోక పొట్టిగా, మొద్దుగా ఉంటే మన రకం. పొడుగ్గా సూదిలా ఉంటే బయటి రకం. మీ నర్సరీ అంతా ఆ తోక మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు అర్థమైందా మీరేం చేశారో? ఆడవాళ్లు గోడల మధ్య భద్రంగా ఉన్నారు. మందు చుక్క తగల్లేదు. పెళ్లికొడుకులు మాత్రం గుమ్మంలోకి వచ్చినవాళ్లు వచ్చినట్టే చచ్చారు. కొమ్మలన్నీ వెతికితే ఒక్కడు దొరికాడు, మందు జిగురుకి ఆకుకి అతుక్కుపోయి. ఊపిరి బిగబట్టి, సన్నటి కుంచెతో లేపాను. తల వచ్చింది, రెక్కలొచ్చాయి. తోక పొడిపొడైపోయింది.

ఈ మైక్రోస్కోపులో చూడండి. ఒక కన్ను మూసుకోండి. కనబడ్డాడా? ఆ, అక్కడే, ఆ తెగిన చోటే.

మన రకమని రాసెయ్యొచ్చు కదా అంటారు. నాకు తెలుసు. పొద్దున అక్క ఫోన్లో అదే అంది. "నీ చేతిలో పనే కదే" అంది. రాస్తే పట్టుకునేవాళ్లు లేరు బావా, అందుకే భయం. మీ అంటుమొక్కలు ఎన్ని తోటలకి వెళ్తాయో మీకే తెలుసు. ఇది బయటి రకమైతే ఆ తోటలవాళ్ల గతేం కాను? వాళ్లకి ఏ ఆఫీసులో మరదళ్లున్నారు?

తెలియదని రాశాను. తెలియకపోతే బయటి రకం కిందే లెక్క, మా దగ్గర రూలది. ఎల్లుండి నరకడానికి వస్తారు. అంట్లు కట్టే తల్లిచెట్లు కూడా పోతాయి. మీరు మొట్టమొదట అంటు కట్టిన ఆ వంకర చెట్టు కూడా.

మా పెద్దాఫీసర్ని గడువడిగాను. బతిమాలాను. ఈలోగా పురుగు పక్క తోటకి పోతే నువ్వు జవాబు చెబుతావా అన్నాడు. 

ఇంకొకటుంది. ఆ కిటికీ దగ్గర గాజు సీసా చూశారా? అందులోదీ మీ కొమ్మే. చిన్న బుడిపెలు రెండు ఇంకా మూసే ఉన్నాయి. లోపల పెళ్లికొడుకులు బతికే ఉన్నట్టున్నారు. ఇప్పుడే కోసి చూద్దామంటే, బయటికొచ్చే ముందుగాని తోక ఏర్పడదు. ఎప్పుడొస్తారో ఎవరికి తెలుసు, చెట్లు పోయిన వారానికో, నెలకో. సీసా పారేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. రోజూ చూస్తాను. చూడకుండా ఉండలేను.

ఆ రోజు తోక పొట్టిగా కనబడితే ఏం చెయ్యను బావా? మీకు చెప్పనా, వద్దా?

తర్వాత వెళ్దురుగాని. ముందు ఈ ఒక్కటీ చెప్పండి.