గెలుపు డప్పులు

ఆ రోజు లోక్‌సభ ఫలితాలు. తెలకపల్లిలో ఒక పార్టీ నాయకుడి ఇంటి ముందు, ఊరేగింపు కోసం పిలిపించిన ఇద్దరు గడ్డి మంట మీద డప్పులు కాస్తున్నారు.

"మామా, వీళ్లు ఓడిపోయిన్రంట. లోపల టీవీ బంద్ చేసిన్రు."

"ఇగ మనల్ని పొమ్మంటరు, అల్లుడా."

"గెలిచినోళ్లు రమ్మంటుండ్రు. డప్పులు కాగే ఉన్నయ్, పోదం పా."

"నువ్వు ఓటు ఎవరికి ఏసినవ్?"

"గెలిచినోళ్లకే."

"నేను గూడ గాళ్లకే ఏసిన."

"మరింకేంది, లే!"

"ఊరేగింపు ఈ ఇంటి ముంగటికెళ్లే పోతది. పొద్దుగాల ఈ ఇంట్లనే కడుపునిండ తిన్నం గదరా."

"అయితే రానంటవా?"

"వస్త. ఈ ఇల్లు రాంగనే డప్పులు సల్లబడ్డయని చెప్దం. మలుపు దాటినంక మళ్ల కాచుకుందం."