గట్టుకూ బాయికీ మధ్య పంతొమ్మిది సెకన్లు

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ రామచంద్రయ్య గారికి, వేదిక మీది పెద్దలకు, ఇరవై తొమ్మిదేళ్లు భౌతికశాస్త్రం చెప్పి ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా ఎజ్రా సార్‌కు, సార్ సతీమణి ప్రేమావతి అమ్మకు, వెనక గోడ వారగా నిలబడ్డ జూనియర్లందరికీ నా నమస్కారాలు.

నా పేరు శిరీష. మాది సాతంరాయి. 2011లో ఈ కాలేజీలో ఇంటర్ పూర్తిచేశాను. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే కాబట్టి, మైకు ముందు నిలబడ్డ మొదటి మనిషిని కూడా నేనే. తడబడితే మన్నించండి. ఇప్పుడు నగరంలో ఒక ఎడిటింగ్ గదిలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. ఫిజిక్స్ చదివిన పిల్ల అక్కడికెలా పోయిందని అడిగేవాళ్లకు సమాధానం, ఇదిగో, ఈ కుర్చీలో తల వంచుకుని కూర్చున్నారు. (నవ్వులు)

సార్ బంధువుల పెళ్లిళ్ల కోసం ఒక హ్యాండీక్యామ్ కొన్నారు. పెళ్లిళ్లు అయిపోయాక దాన్ని శనివారం మధ్యాహ్నాలు ల్యాబ్‌కు తెచ్చి మా చేతిలో పెట్టేవారు. మేము తీసిన ముక్కలను ముందు శబ్దం తీసేసి చూపించేవారు. తర్వాత మమ్మల్ని గోడవైపు తిరగమని శబ్దం మాత్రమే వినిపించేవారు. కన్ను ఏం చెప్పింది, చెవి ఏం చెప్పింది, రెండూ ఒకటే చెబితే అందులో ఒకటి దండగ అనేవారు. ప్రిన్సిపాల్ గారూ, ఒకసారి మీరు అటుగా వచ్చి, పది మందిమి గోడకు ముఖం పెట్టి నిలబడ్డం చూసి, పిల్లలకు అంత పెద్ద శిక్ష ఎందుకని సార్‌ను కోప్పడ్డారు. మీకు గుర్తుందో లేదో. (నవ్వులు)

అలా నేను తీసిన మొదటి చిన్న సినిమా గురించి ఈ రోజు చెప్పాలి. దాన్ని సార్ తప్ప మీలో ఎవరూ చూడలేదు. ఎవరికీ చూపించవద్దని మా అమ్మ గట్టిగా చెప్పడమే కారణం.

మా అమ్మ పేరు లింగమ్మ. మా చెలక, అంటే మా మెట్టచేను, ఊరి పక్కన కట్టిన ఎయిర్‌పోర్టు రన్‌వేలో కలిసిపోయాక, అదే ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పనికి వెళుతోంది. ఒక ఆదివారం పొద్దున అమ్మ చాటలో బియ్యం ముందేసుకుని రాళ్లు ఏరుతూ మా పాత చెలక గురించి చెబుతుంటే, సార్‌ను అడిగి ఇంటికి తెచ్చుకున్న కెమెరా పెట్టాను. సోమవారం ల్యాబ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే మాటలకంటే విమానాల మోతే ఎక్కువ. తీసేటప్పుడు నాకు ఒక్కటీ వినపడలేదు. బయటివాళ్లు నమ్మరు గానీ, సాతంరాయి వాళ్ల చెవులు విమానాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాయి. మన ల్యాబ్ అటెండర్ కొండలన్న కూడా ఒకసారి విని, "ఏంది బిడ్డా, మీ అమ్మను తీసినవా, ఇమానాన్ని తీసినవా?" అన్నాడు. (నవ్వులు)

నాకు సిగ్గేసింది. మోత ఉన్న చోటల్లా కోసేశాను. అమ్మ మాటలన్నీ నున్నగా అతికించాను. బోసిగా ఉందనిపించి కింద వయొలిన్ పెట్టాను. చదువుకున్నదాన్ని కదా, దాని మీద నా గొంతుతో వ్యాఖ్యానం కూడా రాసి చదివాను. "నేలతల్లిని పోగొట్టుకున్న ఒక అభాగ్యురాలి మౌనరోదన" అని. అప్పుడు నాకది చాలా గొప్పగా అనిపించింది. నగరంలో కాలేజీ విద్యార్థుల పోటీకి ఇంకా వారం గడువుంది. పిల్ల కష్టపడింది, పోనీ అనుకున్నారేమో, సార్ కూడా సరేనన్నారు. కానీ పంపేముందు అమ్మకు చూపించాలని పట్టుబట్టారు.

అమ్మ డ్యూటీ బట్టలతోనే ల్యాబ్‌కు వచ్చింది. నిలబడే చూసింది. అయిపోయాక నన్ను అడిగింది:

"గా ఏడుపు పాట ఎవలిది? నేనేడ్సిన్నా?"

తర్వాత తనే అంది:

"నన్ను బిచ్చపుదాన్ని చేసినవ్. ఎవ్వలకు సూపియ్యకు."

సార్ ఆమెకు నచ్చజెబుతారని ఎదురు చూశాను. ఆయన లేచి నిలబడి, తప్పు నాదమ్మా, నేను సరిగ్గా చూడలేదు అన్నారు. అమ్మ వెళ్లిపోయాక నేను సార్ మీద అరిచాను. గడువు దాటిపోతుందన్నాను, ఆమెకు సినిమా గురించి ఏం తెలుసన్నాను. ఈ మాట ఆమె ఉన్న ఈ హాల్లో చెప్పడం నాకు కష్టంగానే ఉంది. సార్ ఒక్కటే అన్నారు. బొమ్మ ఎవరిదైతే చివరి మాట వాళ్లదే, ఆమె వద్దంటే వద్దు.

గడువు దాటిపోయింది. ఆ తర్వాత శనివారం సార్ నేను కోసి పారేసిన ముక్కలను శబ్దం లేకుండా వేశారు. అప్పుడు చూశాను. విమానం వచ్చినప్పుడల్లా అమ్మ చెయ్యి చాట మీద గాల్లో ఆగుతోంది. తర్వాత శబ్దంతో వేశారు. అమ్మ "గట్టు దాటితే" అంటుంది. మోత వస్తుంది. చెయ్యి ఆగుతుంది. పంతొమ్మిది సెకన్లు. మోత పోతుంది. "మన బాయి" అంటూ బావి దగ్గరికి చేరుతుంది. చెయ్యి మళ్లీ కదులుతుంది. ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడినుంచే. మా ఊళ్లో అందరం అలాగే మాట్లాడతాం, ఆగుతున్నామని కూడా మాకు తెలియదు. అంత పెద్ద చప్పుడు నెత్తి మీదుగా పోయినా అమ్మ తన చెలకలో ఒక్క అడుగు కూడా తప్పలేదు. నేను దుఃఖం అని పేరుపెట్టి వయొలిన్ కింద పాతేసింది దీన్నే.

అయినా నా బుద్ధి ఊరుకోదు కదా, రెక్కలు మెరుస్తూ దిగే విమానాన్ని కూడా ఒకసారి చూపిద్దామన్నాను. సార్ తల అడ్డంగా ఊపారు.

"ఇమానాన్ని చూపిస్తే అందరు దాన్నే చూస్తరు శిరీషా. మీ అమ్మ చెయ్యిని ఎవరు చూస్తరు?"

వయొలిన్ పోయింది, నా గొంతూ దాని కోసం అతికించిన బొమ్మలూ పోయాయి, విమానం రాలేదు. చెయ్యి, చాట, అమ్మ మాట, మోత మిగిలాయి. పదకొండు నిమిషాల సినిమా ఆరు నిమిషాలైంది. ఇప్పుడు జీతానికి చేస్తున్న పనిలో నాకు తెలిసినదంతా ఆ ఐదు నిమిషాలు తీసేయడంలో నేర్చుకున్నదే.

మళ్లీ అమ్మకు చూపించాం. ఈసారి కూర్చుని చూసింది. అయిపోయాక, "నేను గిట్ల ఆగుతనా?" అని అడిగింది. అవునన్నాను. "గిది నేనే" అంది. నా సంతోషం తీరకముందే, అయినా ఎవ్వరికీ చూపించవద్దంది.

రెండేళ్లు గడిచాయి. ఆ సినిమా సార్ దగ్గరే ఉంది. బయటి నుంచి అతిథులు వచ్చి, మీ పిల్లలు తీసినవాటిలో మంచిది చూపించండి అని అడిగినప్పుడు కూడా ఆయన దాన్ని బయటికి తీయలేదని కొండలన్న చెబితేనే నాకు తెలిసింది. సార్, బొమ్మనూ శబ్దాన్నీ ఎక్కడ కోయాలో, ఎక్కడ అతకాలో చెప్పేవాళ్లు ఇప్పుడు నా చుట్టూ చాలామంది ఉన్నారు. చదువురాని ఒక మనిషి వద్దన్న మాటకు రెండేళ్లు కాపలా కాసినవాళ్లను నేను మిమ్మల్ని తప్ప ఎవరినీ చూడలేదు. (చప్పట్లు)

పోయిన ఆదివారం, సార్ రిటైరవుతున్నారని ఇంట్లో చెప్పాను. అమ్మ చీపురు కట్టకు తాడు బిగిస్తూ, ఆయనకు ఏం ఇస్తున్నవని అడిగింది. శాలువా అన్నాను.

"శాలువా అందరిస్తరు" అంది. తాడు ముడి వేసి, తల ఎత్తకుండానే, "నా సినిమా ఎయ్యి" అంది.

సార్, ఈ సంగతి మీకు ఇప్పటిదాకా చెప్పలేదు. మూడో వరుసలో, తనతో పనిచేసే ఇద్దరిని కూడా వెంటబెట్టుకుని కూర్చున్నది మా అమ్మే. ఓపికగా విన్న పెద్దలకు, మాట్లాడే అవకాశమిచ్చిన కాలేజీకి కృతజ్ఞతలు. కొండలన్నా, జర లైట్లు ఆపు. నా మాటలు చాలు, మిగిలిన ఆరు నిమిషాలు అమ్మవి. సెలవు.