శనివారం పొట్లం

పదిహేను రోజుల తర్వాత మళ్ళీ పనికి బయల్దేరిన కుట్టుపనామె, బస్సులో తన మామూలు సీట్లో కూర్చుని కండక్టరుకు పెద్ద నోటు ఇవ్వబోయింది. అతను తలుపు మీది బోర్డు వైపు చెయ్యి చూపించాడు.

“సరిపడా చిల్లరే ఇవ్వాలమ్మా.”

“మిగతాది నాకొద్దులే బాబూ, ఉంచేసుకో.”

“అలా తీసుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది. గుప్పిట్లో పొట్లం ఉందిగా? రోజూ అదే విప్పి ఇస్తారుగా.”

“ఇది ఇవ్వలేను.”

“ఏం?”

“మా ఆయన కట్టింది. చిల్లర కోసం రోజూ నీతో నాకు గొడవెందుకని, ఆదివారం కూర్చుని వారానికి సరిపడా ఆరు పొట్లాలు కట్టేవాడు. శుక్రవారం సాయంత్రం పోయాడు. శనివారానిది మిగిలిపోయింది.”



“నాకు తెలీదమ్మా.”

“నీకెలా తెలుస్తుందిలే.”

“పోనీ, చిల్లర నాకిచ్చి కాగితం దాచుకోండి.”

“ఉత్త కాగితం ఏం చేసుకోను బాబూ?”

“అదేంటమ్మా, రాసింది ఆయనేగా?”

“రాయడమేంటి?”

“లోపలి వైపు. రోజూ ఒక ముక్క ఉండేది. ‘మధ్యాహ్నం తిండి మానకు’ అనో, ‘కళ్ళు మండితే కుట్టు ఆపెయ్యి’ అనో. సాయంత్రం బస్సు ఊడ్చేటప్పుడు మీ సీటు కింద దొరికేవి.”

ఆమె గుప్పిట ఇంకా బిగించింది.

“అవన్నీ ఏం చేశావు?”

“చెత్తలో వేసేశానమ్మా. మీరు చదివే పడేస్తున్నారనుకున్నాను.”