ఇన్‌స్పెక్టరు గారి వెన్న

రెండో ప్రపంచయుద్ధం ముగిసినా న్యూజిలాండ్ వెన్నంతా ఇంగ్లండుకే ఓడలెక్కుతోంది. ఇక్కడివాళ్లకు రేషను కూపన్ల మీదే. టారనాకి అనే పాడిసీమలో ఓ పాడిరైతు భార్య వెన్న కోసం కిరాణా కొట్టుకు వచ్చింది. ఆమె ఇచ్చిన కూపన్లు కొట్టువాడు తిప్పి చూశాడు.

“ఈ కూపన్లు మీవి కావమ్మా. వెన్న ఇన్‌స్పెక్టరు గారివి!”

“ఆయనే ఇచ్చాడయ్యా, మా సోఫాలో బోర్లా పడుకుని.”

“మీ ఇంట్లోనా?”

“దొంగచాటుగా వెన్న చిలుకుతున్నామేమోనని సోదాకొచ్చాడు. మా ఆవు పాలు సర్కారువైతే సర్కారే పితుక్కోవాలన్నాను. పౌరుషానికి పోయి పాలు పితకడానికి కూర్చున్నాడు. ఆవు తన్నింది.”

“అయ్యయ్యో! దెబ్బెక్కడ?”

“కూర్చునే చోటే. పాపమని వేడి స్కోన్ రొట్టెలు పెడితే వెన్నేదన్నాడు. మా కూపన్లు అయిపోయాయన్నాను. ఇవి తీసిచ్చాడు.”

“ఈ అరపౌండూ ఆయనకేనా?”

“ఆయనకి స్కోనుకి పూసినంత. మిగతాది మాకు.”

“ఊరుకుంటాడా?”

“ఊరుకోక? నోరెత్తితే రెండో ఆవు దగ్గర కూర్చోబెడతానన్నాను.”