కిటికీలో నుంచి ప్రయాణం

పినపాక దగ్గర, అడవి అంచు ఊరు. పొద్దున్నే సోమమ్మ, ఆమె మనవరాలు అరుణశ్రీ పాల్వంచ ప్రయాణానికి సంచి సర్దుతున్నారు. వాకిట్లో జానీ ఆటో ఆగి ఉంది.

"అమ్మమ్మా, సంచిల ఈ రాయి ఏంది?"

"ఉండనియ్యి. బరువు లేదది."

"బరువు లేదా! నా చెయ్యి ఊడిపోతంది. కంటి ఆపరేషన్‌కు పోయేటోళ్లు దుప్పటి పెట్టుకుంటరు, పళ్లెం పెట్టుకుంటరు. రాయి పెట్టుకుంటరా?"

"మూలరాయి బిడ్డా. మీ తాత ఇల్లు కట్టినప్పుడు మూలకు పెట్టంగ మిగిలిన ముక్క. మేస్త్రీలు వద్దని పక్కకేసిన రాయే మూలకు పెద్దదైందని బైబిలు గ్రంథంల ఉన్నది. మూల ఎంబడి ఉంటే ఇల్లు ఎంబడి ఉన్నట్టే."

"డాక్టరు ఇల్లు తెమ్మన్లే, కన్ను తెమ్మన్నడు. తీస్తున్న."

"తియ్యకు."

"తీసిన."

"సరే తీ. నువ్వు అటు తిరిగినంక మళ్ల పెడత."

"అవ్వా! అరుణ చెల్లే! జల్దీ కానియ్యిండ్రి. మణుగూరుల బస్సు మన కోసం ఆగదు. నా ఇంజను బంద్ చేస్తే మళ్ల స్టార్ట్ గాదు, చెప్తున్న!"

"వస్తున్నం జానన్నా! అమ్మమ్మా, చెప్పులేసుకో. ఈ క్యాంపు పోతే మళ్ల ఎప్పుడు పెడతరో ఎరుకలేదు. అప్పటిదాక ఉంటే రెండో కన్ను గూడ పోతది. గ్రంథం ఎట్ల సదువుతవ్? నడువు. అటు ఎటు పోతున్నవ్? దర్వాజ ఇటున్నది."

"నేను దర్వాజల నుంచి రాను."

"ఏంది?"

"కిటికీల నుంచి పోదాం."

"ఏందీ?"

"కిటికీ. కిటికీ అంటే ఎరుకలేదా? దూలయ్య మేస్త్రితోని ఊచలు లేకుంట పెట్టిచ్చింది ఎందుకనుకున్నవ్?"

"గాలికి అన్నవ్ గదా!"

"గాలికి గూడ."

"అమ్మమ్మా, నీకు డెబ్బై దాటినయ్."

"నోవహుకు ఆరువందలు దాటినయ్, ఓడ ఎక్కలేదా? ఇను బిడ్డా. దేవుని మనుషులు ఆపద నుంచి తప్పుకున్నదంతా కిటికీల నుంచే. యెరికోల ఇద్దరు వేగులోళ్లను రాహాబు ఎట్ల దింపింది? తాడు పట్టిచ్చి, కిటికీల నుంచి. సచ్చిండ్రా? నిమ్మలంగ ఇంటికి పోయిండ్రు. దావీదును మామ సంపబోతే పెండ్లాం ఎట్ల దాటిచ్చింది?"

"కిటికీల నుంచా?"

"కిటికీల నుంచి. ఎన్కకు రాజైండు. దమస్కుల పౌలు?"

"ఆయన గూడానా?"

"గంపల కూసోబెట్టి గోడ కిటికీల నుంచి దింపిండ్రు. అందుకే కోళ్ల గంప కిటికీ అవతల పెట్టిన."

"మరి కోళ్లు యాడున్నయ్?"

"మంచం కింద."

"అయ్యో దేవుడా! అందుకేనా పొద్దుగాల నుంచి మంచం కూస్తంది!"

"చెల్లే, అవ్వ తయారైందా?"

"తయారైంది అన్నా, గని కిటికీల నుంచి వస్తదట!"

"ఎందుకు? దర్వాజ పట్టేసిందా? నేను బయట నుంచి తన్నాల్నా?"

"తన్నకు జానీ! దర్వాజ మంచిగనే ఉన్నది. గదే దాని తోని బాధ."

"అమ్మమ్మా, కిటికీ అంత మంచిదైతే యెజెబెలు రాణి సంగతేంది? పాస్టరు గారు గంటసేపు చెప్పలేదా? కిటికీల నుంచే గదా పడి..."

"ఆమె పోలే. ఆమెను తోసిండ్రు. నిన్ను నేను తోస్తున్ననా?"

"నన్నా? కిటికీ ఎక్కేది నువ్వు గదా?"

"అవ్ అవ్. నేనే. నన్ను ఎవలు తోస్తరు?"

"మరి ఐతుకు అనే పిలగాడు? మూడో అంతస్తు కిటికీల కూసోని వాక్యం ఇనుకుంట నిద్రపోయి కింద పడలేదా?"

"మళ్ల లేసిండుగా! అయినా వాక్యంల నిద్రపోవుడు తప్పు. మొన్న ఆదివారం నువ్వు గూడ పడుకున్నవ్, నేను చూసిన."

"నీకు కంట్ల పొర ఉన్నది గదా, ఎట్ల చూసినవ్?"

"గురక ఇనొచ్చింది."

"సరే, నోవహు పావురం? కిటికీల నుంచి ఇడిస్తే మూడోసారి తిరిగి రాలే. గిది నువ్వే సదివి ఇనిపిచ్చినవ్."

"మొదటిసారి వచ్చింది. రెండోసారి గూడ వచ్చింది, ఒలీవ ఆకు పట్టుకొని."

"మూడోసారి?"

"దానికి నేల దొరికింది బిడ్డా. యాడనో గూడు పెట్టుకున్నది. అది పోయినట్టు కాదు. యాడనో ఉన్నట్టు."

"ఏడుస్తున్నవా?"

"కంట్ల నుంచి నీళ్లు కారుతయ్ అని డాక్టరు చెప్పలే?"

"సరే ఏడ్వకు. గని దర్వాజ మీద నీకింత కోపమేంది? పస్కా రాత్రి సావు రావద్దని గొర్రె రక్తం పూసినట్టు, దాని పైకమ్మికి, రెండు పక్కలకు ఎర్ర రంగు పూసింది నువ్వే గదా. ఎర్రజెండా గద్దెకు ఏసినంక మిగిలిన రంగు డబ్బా తెచ్చి పూసినవ్. పక్కింటి నాగలక్ష్మత్త నువ్వు పార్టీల కలిసినవ్ అనుకొని, చందా అడుగుతవేమోనని వారం దాక ఇటు తొంగి చూడలే."

"ఆ రంగు ఇంట్ల ఉన్నోళ్లకు పనిచేస్తది. గడప దాటినోళ్లకు పనిచెయ్యదు. ఎవలు దర్వాజ దాటి బయటికి పోవద్దని రాసున్నది."

"తెల్లారేదాక పోవద్దని రాసున్నది! తెల్లారింది గదా!"

"మబ్బు పట్టున్నది."

"అమ్మమ్మా!"

"అవ్వా, నేను ముసల్మానునే గని ఒక మాట అడుగుత. మొన్న మీ పాస్టరు గారు నా ఎన్క సీట్ల కూసోని ఫోన్ల చెప్తుంటే ఇన్న. నేనే ద్వారం అని ఈసా, అదే మీ ఏసు, అన్నడంట గదా. కిటికీ అన్లేదు గదా?"

"ఆయన ద్వారమే జానీ. గని ఈ దర్వాజ ఆయన కాదు. ఇది మా ఆయన మంగయ్య చేయిచ్చిన ఏపకట్టె తలుపు. చెద పట్టింది."

"ద్వారం కాకుంట ఇంకో దిక్కుకెళ్లి ఎక్కేటోడు దొంగ అని గూడ చెప్పిండు."

"అది లోపటికి వచ్చేటోళ్లకు. బయటికి పోయేటోళ్ల గురించి ఏమన్లే. నేను రెండుసార్లు సదివిన."

"ఒక్క మాట చెప్పు అమ్మమ్మా. ఈ దర్వాజల నుంచి పోయి రానిది ఎవలు?"

"మేక."

"మేకనా?"

"మోతీ. నల్ల మేక. ఇట్ల గడప దాటింది, అట్ల అడవిల పడ్డది. రాలే."

"ఇంకా?"

"దూలయ్య మేస్త్రి. మిద్దెకు పిట్టగోడ కట్టుమంటే సగం కట్టి, ఇసుక చూసొస్త అని పోయిండు. పిట్టగోడ లేని మిద్దె మీదికెళ్లి ఎవలన్న పడితే ఆ రక్తం ఇంటి మీదికొస్తదని ధర్మశాస్త్రంల ఉన్నది. చెప్పిన వానికి. అవ్ అవ్ అన్నడు. పోయిండు. రాలే."

"ఆయన దమ్మపేటల కల్యాణ మండపం కడుతుండు. నీ ఫోను చూసి ఎత్తుతలేడు, గంతే. ఇంకా?"

"కుక్కరు విజిల్. నాగలక్ష్మి తీస్కపోయింది. ఆమె రోజు వస్తది. విజిల్ రాలే."

"గిన్నేనా? మేక, మేస్త్రి, విజిల్. వీటికోసం కిటికీ దూకాల్నా? తాతకు గుండె నొప్పొస్తే ఈ దర్వాజల నుంచే దవాఖానకు పోయిండంట గదా. తిరిగొచ్చిండుగా? నన్ను సైకిల్ మీద బడికి తోల్కపోయిండుగా?"

"తాత వచ్చిండు."

"మరి?"

"అవ్. తాత వచ్చిండు. సబ్బు పెట్టినవా?"

"పెట్టిన. మాట మార్చకు."

"తువ్వాల?"

"పెట్టిన! అమ్మ ఉంటే నీకు మంచిగ బుద్ధి చెప్పేది. ఈ సంచి పట్టుకొని నిన్ను అమ్మనే తోల్కపోవు."

"వద్దు!"

"ఎందుకట్ల అరుస్తవ్?"

"చీమ కుట్టింది."

"ఏది?"

"పోయింది. కుట్టి పోయింది."

"అమ్మ మాటెత్తితే నీకు ఎప్పుడూ చీమే కుడతది. నాకు యాడాది ఉన్నప్పుడు కొత్తగూడెం బస్టాండు కాడ లారీ గుద్దిందని చెప్తవ్. అక్కడికి ఎందుకు పోయిందంటే చెప్పవ్."

"పని మీద పోయింది."

"ఏం పని?"

"యెఫ్తా ఉండె సూడు బిడ్డా. యుద్ధం గెలిచొస్తే నా ఇంటి దర్వాజల నుంచి ఎదురు ఎవలొస్తే వాళ్లను ఇస్త అని దేవునికి మొక్కుకుండు. మేకపిల్లనో కోడిపిల్లనో వస్తదనుకుండు."

"వచ్చిందా?"

"బిడ్డ వచ్చింది. ఒక్కతే బిడ్డ."

"అయితే?"

"ఏంగాలే. దువ్వెన పెట్టు."

"అవ్వా, బస్సు!"

"అరే, వస్తున్నం జానీ! పిల్లా, ఆ స్టూలు ఇటు జరుపు. నేను ఎక్కుత. నువ్వు చూస్తవా చేస్తవా?"

"ఏం చేస్త? ఎక్కు మరి. మెల్లగ. మెల్లగ! ఆ ఎర్ర తాడేంది?"

"రాహాబు తాడు."

"మేకను కట్టే తాడు గదా ఇది!"

"మేక లేదు గదా ఇప్పుడు. ఎర్ర రంగు ఏసిన."

"అవ్వా! ఈ తాడు ఇంకో కొస నా ఆటోకు ఎవలు కట్టిండ్రు?"

"నేనే జానీ. పొద్దుగాల నువ్వు చాయ తాగుతుంటే కట్టిన. గట్టిగ దేనికన్న కట్టాలె గదా."

"ఇంజను నడుస్తంది అవ్వా! నేను గేరు ఏసుంటే నువ్వు సీదా మణుగూరుల దిగుదువు!"

"దేవుడు నీ చెయ్యి ఆపిండు. స్తోత్రం అను."

"మా తాన అల్హమ్దులిల్లా అంటరు."

"అదే అను. జల్దీ అను."

"అమ్మమ్మా, ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి ఆగినవేంది?"

"ఆలోచిస్తున్న."

"ఏం ఆలోచన?"

"పౌలుకు చీర లేదు."

"నేను కొంగు పట్టుకుంట, దిగు. జానన్నా, అటు నుంచి చెయ్యియ్యి!"

"ఇచ్చిన. అవ్వా, గంపల కాలు పెట్టకు, పాతది... పెట్టినవ్. పోయింది. గంపల కాలు దిగబడ్డది."

"ఊడదీయి."

"వస్తలేదు అవ్వా."

"ఉండనియ్యి. గంపతోనే నడుస్త."

"నాగలక్ష్మక్క ప్రహరీ మీదికెళ్లి చూస్తంది. ఫోను తీసి వీడియో పట్టుకుంటంది."

"పట్టుకోనియ్యి. విజిల్ తెమ్మను."

"అమ్మమ్మా, దిగినవా? దెబ్బ తాకిందా?"

"దిగిన బిడ్డా. ఏం తాకలే. దేవుడు చల్లగ దింపిండు."

"హమ్మయ్య. జానన్నా, అమ్మమ్మను ఆటోల కూసోబెట్టు. నేను దర్వాజకు తాళమేసి ఒక్క నిమిషంల..."

"అరుణా! ఆగు! దర్వాజ కాడికి పోకు!"

"ఇల్లు తెరిచి పోదామా?"

"లోపట నుంచి గడియ పెట్టు. నువ్వు గూడ కిటికీల నుంచే రా. కిటికీ రెక్కలకు బయట గొళ్లెం ఉన్నది, తాళం దానికేద్దాం."

"బయట గొళ్లెం ఎప్పుడు పెట్టిచ్చినవ్?"

"ఎంబడి నువ్వే వస్త అన్న నాడు. జానీతోని పెట్టిచ్చిన."

"కిటికీ గాలికి కొట్టుకుంటంది అని చెప్పినవ్ గదా అవ్వా నాకు!"

"నువ్వూకో జానీ."

"అమ్మమ్మా, నేనెందుకు దూకాలె? దవాఖానకు పోయేది నువ్వు. నువ్వు కిటికీల నుంచి వచ్చినవ్. అయిపోయింది. ఆపరేషన్ నాకా?"

"నీకైతే నాకు ఇంత బుగులు లేకపోవు."

"ఏంది ఆ మాట?"

"నా ఒక్కదాని కోసమైతే ఈ నడుముతోని కిటికీ ఎక్కుతనా పిల్లా? నేను ముందుగాల దూకకుంటే నువ్వు నవ్వుకుంట దర్వాజల నుంచే పోతవ్. కోళ్లను మంచం కింద పెట్టింది నీ కోసం. గంపల కాలు పెట్టింది నీ కోసం."

"నాకేం సమజైతలేదు. పేషెంటు తాత. ఈ దర్వాజల నుంచే పోయిండు, మంచిగ తిరిగొచ్చిండు. నువ్వే చెప్పినవ్ ఇప్పుడు."

"పేషెంటు వస్తడు బిడ్డా. పేషెంటు గురించి కాదు నా భయం. తాత ఎంబడి ఎవలు పోయిండ్రని ఎన్నడన్న అడిగినవా?"

"నువ్వు పోయుంటవ్."

"నేను నిన్ను ఎత్తుకొని ఈ వాకిట్ల నిలబడ్డ. నువ్వు చెయ్యి ఊపినవ్."

"ఎవలకు ఊపిన?"

"ముందు గడియ పెట్టు."

"అమ్మమ్మా, ఎవలకు?"

"గడియ పెట్టు అరుణా. నీకు దండం పెడత."

"పెట్టిన. ఇగో, సప్పుడు ఇన్నవా? పెట్టిన."

"సంచి జానీకి ఇయ్యి. నువ్వు పట్టుకోకు. స్టూలు ఎక్కు. కాలు ఇటెయ్యి. జానీ, చెయ్యి పట్టు."

"దా చెల్లే. బస్సు పోతే పోనియ్యి, మెల్లగ దా."

"దిగిన. ఇగో, బయటనే ఉన్న. నా చెయ్యి పట్టుకో. ఇప్పుడన్న చెప్పు, తాత ఎంబడి ఎవలు పోయిండ్రు?"

"దవాఖానకు పోయింది మీ తాత. సంచి పట్టుకొని ఎంబడి పోయింది మీ అమ్మ శారద. రెండువేల మూడు, ఆగస్టు నెల, గోదారి పుష్కరాలు అయిపోయిన వారానికి, ఈ దర్వాజల నుంచే. తాత వచ్చిండు. శారద రాలే."