బోడికొండ మీద పసుపు పూలు

"సోమరితనం మీ అమ్మకి పుట్టుకతోనే వచ్చింది. పూల కాలంలో దుంపలు తవ్వుకుందాం రమ్మంటే, పూలన్నీ ఎండిపోయాక తీరిగ్గా వచ్చేది," అంది వెర్నా, తవ్వుకోల ఊతంగా మాచిపత్రి పొదల మధ్య కొండెక్కుతూ. వెనకాల బుట్ట పట్టుకుని చెల్లెలి కూతురు నడుస్తోంది.

"ఏడేళ్ళుగా అదే పాట, పెద్దమ్మా. ఆదివారం దుంపల విందుకైనా అమ్మని పిలువు."

"దేనికి? ఈ కొండని బోడి చేసిందనా? ఒక్క కౌష్ దుంప మొక్క మిగల్చలేదు. అయినా ఇక్కడికెందుకు లాక్కొచ్చావు నన్ను?"

"కొండ బోడి అయిన ఏడాది అమ్మ ఎన్ని బుట్టలు తవ్వింది?"

"ఒకటి."

"నువ్వు?"

"నాలుగు. నా చెయ్యి చురుకు. అందులో తప్పేముంది?"

ఇద్దరూ మలుపు తిరిగారు. రాళ్ళ సందుల్లో ఎటు చూసినా కౌష్ పూలు, వాలంతా పచ్చగా పసుపు ఆరబోసినట్టు. వెర్నా వంగి ఒక పూవుని తాకి చూసింది.

"ఇవన్నీ ఎవరు నాటారే?"

"అమ్మే. గింజ ముదిరేదాకా ఆగి వచ్చేది. నీ గోతులూ తన గోతులూ అన్నిట్లో గింజలు చల్లి మట్టి కప్పింది. పూత రావడానికి ఇన్నేళ్ళు పట్టింది."

"నాకొక మాట చెప్పచ్చుగా!"

"చెప్పబోతే బుట్ట విసిరావట."

"ఖాళీ బుట్టేలే." వెర్నా బండమీద కూలబడింది. చెయ్యి చాచింది. "ఫోనివ్వు."

అవతల చెల్లెలు పలికింది.

"నేనేనే. ఆదివారం విందుకి రా, నా పక్కన కూర్చో. కొండని బోడి చేసింది నువ్వు కాదు, నేనే. తప్పు నాది."